అవ్వ పెట్టిన బలం గోళి

పోయిన నెల నాకు దమ్ము, అదే ఉబ్బసం, మళ్లీ తిరగబెట్టింది. తుర్కయాంజాల్‌లో మేముండే అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ జాగాలో బోరు వేశారు. మూడు రోజులు తెల్లటి రాతిపిండి మా బాల్కనీలో, ఆరేసిన బట్టల మీద, ఆఖరికి మజ్జిగ గిన్నె మూత మీద కూడా పేరుకుంది. నేనేమీ నిర్లక్ష్యపు మనిషిని కాను. పీల్చే మందు రెండు పూటలా పీలుస్తాను, పీల్చాక నోరు పుక్కిలిస్తాను, దుమ్ము లేస్తే కిటికీలు బిగిస్తాను. అయినా నాలుగో రోజు పొద్దున పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగి, మళ్లీ మెట్లెక్కుతుంటే, వాచ్‌మన్ భార్య పలకరించింది. జవాబు చెప్పడానికి ఊపిరి చాల్లేదు. మా తమ్ముడి కూతురు స్వప్న మన్నెగూడలో ఉంటుంది. ఫోన్ చేస్తే కారేసుకుని ఉరికొచ్చి, దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టర్ కుర్రవాడు. రొమ్ము విన్నాడు, వేలికి క్లిప్పు పెట్టి చూశాడు, నాకు షుగరుందని చెబితే అదీ పరీక్ష చేయించాడు. "మేడం, ఈ గోళీలు పొద్దున టిఫిన్ తిన్నంక వేసుకోండ్రి. ఐదు రోజులు. షుగర్ జర పెరుగుతది, రోజూ చూసుకోండ్రి. తగ్గిందనిపించినా మధ్యల ఆపొద్దు, ఆరో రోజు నాకు కనిపించాలె" అన్నాడు. నేను పక్కా విద్యార్థినిలా అంతా ఒప్పజెప్పి, "చిన్నప్పుడు ఇవే గోళీలు నెలల తరబడి తిన్న బిడ్డా, అది కూడా రాసుకో" అన్నాను. ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేసినదాన్ని, ఎదుటివాళ్లు రాసుకునేదాకా వదలను.

మందుల షాపులో గోళీలు కొని కారెక్కాక, స్వప్న ఆ గోళీల పేరు ఫోన్‌లో కొట్టింది. కొట్టి, పామును తొక్కినట్టు ఎగిరిపడింది. "అత్తా, గిది స్టెరాయిడ్! ఒంట్ల బొక్కలు అరుగుతయంట, మొహం ఉబ్బుతదంట. వద్దత్తా, వేసుకోకు. మిరియాల కషాయం తాగు, ఆవిరి పట్టు" అంటూ బండి కదిలించింది, ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ఫోన్ మీద.

"ముందు గా ఫోన్ పక్కకు పెట్టు తల్లీ. స్టెరాయిడ్ కన్నా ముందు నువ్వే నన్ను చంపేటట్టున్నవ్" అన్నాను.

దాని భయం ఊరికే వచ్చింది కాదు. దాని కూతురు ఆద్యకు ఏడేళ్లు, ఆ పిల్లకూ దమ్మే. మా వంశంలో పొలాలన్నీ ప్లాట్లయిపోయాయి గానీ ఈ ఒక్క ఆస్తి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంటికొచ్చి నేను రెండు దోసెలు తిని, గోళీలు మింగి, నీళ్లు తాగుతుంటే స్వప్న ఎదురుగా మూతి ముడుచుకుని కూర్చుంది. "నీకు భయమనేదే లేదా?" అంది. "భయపడే పని నా పదిహేడో ఏటనే అయిపోయింది. కూసో, చెప్త" అన్నాను. ఆ రోజు దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు ఇబ్రహీంపట్నం పాత ఊళ్లో ఉండేది. మట్టి గోడలు, పెంకులు, వెనక పశువుల కొట్టం. బాపు, అమ్మ పొద్దున్నే చేనుకు పోతే పొద్దుగూకి వచ్చేవాళ్లు. ఇంటి పెత్తనమంతా అవ్వది. అవ్వ అంటే బాపును కన్న తల్లి. ఆమె రొట్టె తట్టే చప్పుడుతో మాకు తెల్లవారేది. కంది కట్టె చిటపటలు, జొన్నరొట్టె అంచు మాడిన వాసన, నిప్పుల్లో కాల్చిన ఉల్లిగడ్డ వాసన, వాటన్నిటి మీదుగా పొగ. నేను పొగకు ఆగలేక గడపలో కూర్చుంటే నా రొట్టె గడపకే వచ్చేది. అవ్వకు చుట్ట అలవాటు. పిల్లకు పొగ పడదని చలికాలంలో కూడా కొట్టంలోకి పోయి, ఎద్దుల మధ్య కూర్చుని కాల్చి, నోరు కడుక్కుని, కొంగుతో మూతి తుడుచుకుని గానీ నా దగ్గరికి వచ్చేది కాదు. అదే మనిషి నా పక్కనే పెనం పెట్టి ఎండు మిరపకాయలు వేయించేది. నేను దగ్గి దగ్గి కళ్లు తేలేస్తే "ఏందే, వంట కూడా పడదా నీకు?" అనేది. ఆమె లెక్కలో చుట్ట పొగే పొగ, పొయ్యి పొగ వంట.

ఏ జబ్బుకైనా ఆమె దగ్గర ఒకటే వైద్యం, తిండి. కడుపులోకి పోయిందే బలం, మిగిలిందంతా ముచ్చట. కానీ నాకు తిండి పోయేది కాదు. చెరువు మీంచి చలిగాలి మొదలైతే చాలు, రొమ్ములో పిల్లి పిల్లలు పెట్టినట్టు కూతలు. పడుకుంటే ఊపిరాడక, బోర్లించిన గంప మీద చేతులానించి కూర్చునేదాన్ని. అవ్వ ఆముదం వెచ్చజేసి వీపుకు రాసేది. నా భుజాల ఎముకలు ఆమె చేతికి తగిలినప్పుడల్లా "గాలొస్తే కొట్టుకపోతవ్ బిడ్డా" అని ముక్కు చీదేది. అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. టీచర్ ట్రైనింగ్ చేయాలని నా పట్టుదల. కాలేజీ మెట్లే ఎక్కలేనిది పంతులమ్మ ఏమవుతుందని ఊరి పట్టుదల.

ఆ ఏడు దసరాకు నాకు పెద్ద దమ్మొచ్చింది. సైకిల్ మీద తోలు సంచితో తిరిగే ఒకాయన ఉండేవాడు, సూది డాక్టర్ అనేవాళ్లం. ఆయన సూదేసి, పేపరు ముక్కలో పది తెల్ల గోళీలు పొట్లం కట్టి అవ్వ చేతిలో పెట్టాడు. "రోజుకు రెండు, తిన్నంక. ఐదు రోజులకు ఒడుస్తయ్. ఒడిసినంక బంద్" అని చెప్పాడు. నేను విన్నాను, అవ్వా విన్నది. మూడో రోజు పొద్దున నేను లేచి, నా అంతట నేను పొయ్యి దగ్గరికి పోయి, "అవ్వా, ఇంకో రొట్టె" అన్నాను. అవ్వ చేతిలో పిండి ముద్ద అట్లాగే ఆగిపోయింది. పదిహేడేళ్లలో నేను రెండో రొట్టె అడగడం అదే మొదలు. "నా తల్లే! అడిగిందిరో, బుక్కెడు అడిగింది!" అని వాకిట్లోకి పోయి వీధంతా చెప్పొచ్చింది.

పొట్లం ఐదు రోజులకు ఒడిసింది. అవ్వ మనసు మాత్రం ఒడవలేదు. అంగడి రోజు, నాకు వేయకుండా దాచిన చివరి గోళీని నమూనాగా కొంగున ముడేసుకుని మందుల షాపుకు పోయి, "గిసొంటియే ఇయ్యి" అంది. వాళ్లు ఇచ్చారు. చీటీ ఏది, ఎవరికి అని అడిగే రోజులు కావవి. ఆ తర్వాత రోజూ పొద్దున రొట్టెలో బెల్లం ముక్క, బెల్లంలో ఒక తెల్ల గోళి. దానికి ఆమె పెట్టుకున్న పేరు బలం గోళి. బాపు ఒకసారి అడిగాడు, "దమ్మొచ్చినప్పుడే ఇస్తున్నవా అమ్మా?" అని. "అవ్, వచ్చినప్పుడే" అంది అవ్వ. ఆమె నోట అబద్ధం రావడం నేనదే మొదటిసారి చూడటం. నాకు నవ్వొచ్చింది కూడా. నేనెందుకు చెబుతాను? మెట్లు గబగబా ఎక్కుతున్నాను, క్లాసులో గట్టిగా పాఠం చదువుతున్నాను. ప్రాణానికి హాయిగా ఉన్నప్పుడు ఎందుకని ఎవరడుగుతారు!

చలికాలం పోయేసరికి నా బుగ్గలు బూరెల్లా పొంగాయి. జబ్బలు, కాళ్లు మాత్రం పాత కట్టెపుల్లలే. చూసేవాళ్లు మొహమే చూస్తారు కదా! "సుగుణ ఎంత నిండుగైంది" అని ఆడవాళ్లంతా ఒకటే మెచ్చుకోలు. పక్కింటి యాదమ్మ అయితే, "మా కోడలు కాన్పు అయినంక ఎండుకపోయింది, జర నాక్కూడా ఇయ్యక్కా" అని కొన్ని గోళీలు పట్టుకుపోయింది. అవ్వ చేతికి ఎముక లేదు, అడిగితే చారెడు పంచేది.

ఎండాకాలం చివర కందుకూరు దిక్కు నుంచి నన్ను చూడవచ్చారు. పిల్లగాని తల్లి నా బుగ్గ పట్టుకుని, "పిల్ల చంద్రుని లెక్కున్నది" అంది. సరిగ్గా అప్పుడే పొయ్యి పొగ తగిలి నాకు దగ్గొచ్చింది. అవ్వ నీళ్లు నమిలి, చిన్నప్పుడు కొంచెం దమ్ముండేదని ఒప్పుకుంది. పిల్లగాని తల్లి దాన్ని తేలిగ్గా కొట్టేసింది. "గంతేనా? మా దిక్కు ఒకాయన దమ్ముకు పసరు పోస్తడు. నలభై ఒక్క రోజు పత్తెం చెయ్యాలె. వంకాయ లేదు, పెరుగు లేదు, ఇంకో మందు నోట్ల పడొద్దు. లగ్గం ముంగటనే తెంపేద్దాం గీ పీడ" అంది. మా ఇళ్లలో పత్తెమంటే వ్రతం కంటే ఎక్కువ. ఒక కడుపులో రెండు మందులు పడితే రెండూ కొట్టుకుని మనిషిని తింటాయని అవ్వ నమ్మకం. మరుసటి వారమే బండి కట్టి తీసుకుపోయి పసరు పోయించారు. ఎనిమిది నెలలు ఒక్క రోజు తప్పకుండా పెట్టిన బలం గోళీ ఆ పొద్దుటి నుంచి ఆగిపోయింది. మిగిలిన గోళీలను పారేయడానికి మనసొప్పక అవ్వ కొంగున ముడేసుకుంది.

రెండో రోజు ఒళ్లంతా దూది. మూడో రోజు కడుపులో తిప్పడం, తిన్నదంతా వాంతి. లేచి నిలబడితే కళ్ల ముందు చీకట్లు. "మందు పడుతున్నది. పాత రోగం కక్కుతున్నది" అని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ ధైర్యం చెప్పారు. అవ్వ నా నుదురు పట్టి చూసి పోయేది. కాసేపటికే మళ్లీ వచ్చి చూసేది. ఆరో రోజు పొద్దున ఊపిరి పిల్లికూతలు మొదలుపెట్టింది. మొహం కడుక్కుందామని నీళ్ల గోలెం దగ్గరికి పోయినదాన్ని అక్కడే కుప్పకూలాను. బాపు నన్ను భుజాన వేసుకుని, చెప్పులు లేకుండా, దవాఖాన దాకా ఉరికాడు. వెనక అవ్వ.

అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. సన్నగా, కోపంగా, చేతి గడియారం లోపలి వైపుకు కట్టుకుని ఉండేది. "ఏం మందులు వాడుతున్నరు?" అని అడిగింది.

"పసరు పోసినమమ్మా. ఇంకేం లేదు" అన్నాడు బాపు.

"అంతకు ముందు?"

"దమ్మొచ్చినప్పుడు ఎప్పుడన్న ఒక గోళి. అంతే."

ఆమె నా బీపీ రెండుసార్లు చూసింది. చూసి బాపు వైపు కాదు, అవ్వ వైపు తిరిగింది. "ఒక్క దమ్ముకు బీపీ ఇంత పడదు. మీరు ఏదో దాస్తున్నరు. చెప్తే నేను చేయగలిగింది చేస్త. చెప్పకుంటే పిల్ల మన చేతుల ఉండదు."

నాకు ఆ మాటలు ఎక్కడో దూరం నుంచి వినపడుతున్నాయి. స్పిరిట్ వాసన, పైన తిరగని ఫ్యాను, గోడకానుకుని అవ్వ. బాపు కోపం ఊరందరికీ తెలుసు. అవ్వ ఒక్కతే ఆయనకు ఎన్నడూ భయపడని మనిషి. ఆ రోజు ఆమె కొడుకు మొహం చూసి తల దించుకుంది. కొంగు ముడి విప్పబోతే, బిగుసుకుపోయి రాలేదు. పళ్లతో కొరికి తెంపింది. ఆరేడు తెల్ల గోళీలు నా మంచం మీద పడ్డాయి.

"ఇగో డాక్టరమ్మా. దసరకాడికెల్లి రోజూ ఒకటి పెట్టిన. దమ్మున్నా పెట్టిన, లేకున్నా పెట్టిన. నా కొడుక్కు అబద్ధం చెప్పిన. పత్తెమని ఆరు దినాల కింద నేనే బంద్ చేసిన. గీ పోరికేం తెల్వది. ఏమన్న చేసి బతికియ్యి బిడ్డా, నీ కాళ్లు మొక్కుత."

డాక్టరమ్మ ఒక గోళీ వేళ్ల మధ్య పట్టుకుని చూసి, లోపలికి పరుగెత్తింది. సూదేసింది, సెలైన్ పెట్టింది. మధ్యాహ్నానికి నేను కళ్లు విప్పి నీళ్లడిగాను. అప్పటిదాకా అవ్వ ఆ గోడ దగ్గరి నుంచి కదల్లేదట.

మర్నాడు డాక్టరమ్మ మాకు వివరంగా చెప్పింది. మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయని, ఈ గోళీలో ఉండే సరుకులాంటిదే మన ఒంట్లో అవి రోజూ తయారు చేస్తాయని, నెలల తరబడి బయటి నుంచి ఇస్తే అవి పని మరిచి పడుకుంటాయని. "నువ్వేమో ఒక్కసారిగ గోళీ ఆపినవ్ అవ్వా. లోపల తయారు కాలే, బయటి నుంచి రాలే. పిల్ల పడిపోయింది."

అవ్వ అందుకుంది. "అంటే మన ఎద్దును కొట్టంల పండబెట్టి కిరాయెద్దుతోని దున్నుకున్నట్టు. పండిన ఎద్దు మెడ మెత్తవడుతది. కిరాయెద్దు పోయిన్నాడే దానికి కాడి కడితే కూలవడుతది" అంది.

"అవ్. గంతే" అని డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది.

"మరి కిరాయెద్దును మెల్లగ తోలాలె. మనదాన్ని రోజింత కట్టుకుంట రావాలె."

"గదే నేను రాసిస్తున్న. ఇంకొకటి విను అవ్వా. గోళి చెడ్డది కాదు. దమ్ము ముదిరినప్పుడు పానం నిలబెట్టేది గిదే. నాలుగైదు దినాలకు ఇచ్చింది చెప్పిన్నాడు ఆపితే ఏం కాదు. నెలలు తిన్నదాన్ని మాత్రం ఒక్కపాలి ఆపొద్దు. ఎంత, ఎన్నాళ్లు అనేది మేం చెప్పాలె, నీ ప్రేమ కాదు." ఆ చివరి మాటకు అవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డాక్టరమ్మ నా దిక్కు తిరిగి, "ఇగ నువ్వు ఏ దవాఖానకు పోయినా, ఏ ఆపరేషన్‌కు పోయినా ఈ గోళీలు తిన్నట్టు చెప్పాలె" అంది. ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. పన్ను పీకే డాక్టరుకు కూడా చెప్పాను, ఆయన విసుక్కున్నా.

ఇంటికి రాగానే అవ్వ చేసిన మొదటి పని యాదమ్మ ఇంటి మీదికి పోవడం. "నేనిచ్చిన గోళీలు తే" అంది. "ఇచ్చింది మళ్ల అడుగుతరా అక్కా?" అని యాదమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అడుగుత. నా మనుమరాలిని చంపుకున్నంత పని చేసిన, నీ కోడలు పాపం కూడా మోయాల్నా? ఎన్ని తిన్నది?" "రెండే." "దేవుడు చల్లగ చూసిండు. మిగిలినయ్ తే. బలం కావాల్నంటే రోజూ చెంబెడు పాలు నేను పంపుత." గోళీలు తెచ్చి పొయ్యిలో పడేసింది, పాలు మాత్రం ఆ కోడలు పుట్టింటికి పోయేదాకా పంపింది.

తర్వాత రెండు నెలల పైచిలుకు ఆమె చేసిన కాపలా మామూలుది కాదు. అక్షరం రాని మనిషి. నేను చీటీ చదివితే విని, వంటింటి గోడ మీద ఎర్రమట్టి జాజుతో గీతలు గీసుకుంది. రెండు గోళీల రోజులకు రెండు నిలువు గీతలు, ఒకటిన్నరకు ఒక పెద్దది ఒక పొట్టిది, అట్లా తగ్గుతూ తగ్గుతూ చివరికి చుక్కంత గీతలు. పోకలు కత్తిరించే అడకత్తెరను వేడినీళ్లతో కడిగి, దానితో గోళీని సగానికి సగంగా కోసేది. సగాలు సమానంగా రాకపోతే రెండు వేళ్ల మధ్య పట్టుకుని గొణుక్కునేది. ముందు రొట్టె, తర్వాతే గోళి. మింగాక నోరు తెరిచి చూపించాలి. ఆ చీటీ నాకు రాసింది, నా కోసం రాసింది. ఎవరి చీటీ వాళ్ల డాక్టరుదే, నా గీతలు చూసి ఎవరూ తగ్గించుకోకూడదని ఇక్కడే చెబుతున్నాను.

కందుకూరు వాళ్లు, పిల్లకు పెద్ద రోగముందట అని కబురు చేశారు. సంబంధం తప్పిపోయింది. బాపు తల పట్టుకున్నాడు, నేను మాత్రం లోలోపల ఎగిరి గంతేశాను. ఇంట్లో సంతోషంగా ఉన్నది నేనొక్కదాన్నే. బాపు నెల రోజులు అవ్వతో మాట్లాడలేదు. ఆమె వడ్డిస్తే తినేవాడు, ఇంకొంచెం కావాలంటే అమ్మ వైపు చూసేవాడు. అవ్వే ఇంకొంచెం వేసేది.

నేను తక్కువ తిన్నానా? మూడో వారంలో ట్రైనింగ్ ప్రవేశ పరీక్ష హాల్ టికెట్‌కు ఫోటో దిగాలి. అద్దంలో చూస్తే ఇంకా ఆ బూరె బుగ్గలే. త్వరగా తగ్గాలని రెండు రోజులు గోళీని నాలుక కింద దాచి, పెరట్లో మల్లె చెట్టు మొదట్లో ఉమ్మేశాను. మూడో రోజు కాళ్లు తేలిపోయాయి. అవ్వ నన్ను గడపలో కూర్చోబెట్టి సూటిగా చూసింది. "బిడ్డా, నేను అబద్ధమాడి నిన్ను దవాఖానల పడేసిన. నువ్వన్న నిజం చెప్పు." చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. "నీవల్లనే కదా ఇదంతా! నీవల్లనే నా మొహం ఇట్లయింది!" అని అరిచాను. ఆమె చీటీ, చెప్పులు వెతుక్కుని, నా చెయ్యి పట్టుకుని, మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి నడిపించింది. డాక్టరమ్మ చీటీ మార్చి రాసింది. అవ్వ గోడ మీది గీతలు తడిగుడ్డతో తుడిచి మళ్లీ గీసింది.

శ్రావణం పోయాక చివరి చుక్క కొట్టేశాం. పరీక్ష పాసయ్యాను, ట్రైనింగ్ సీటొచ్చింది, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, గొంతు చించుకుని చెప్పాను. పీల్చే మందులొచ్చాక దమ్ము చెప్పుచేతల్లోకి వచ్చింది. ఎప్పుడైనా ముదిరితే అయిదు రోజుల గోళీలు, చెప్పినట్టు వేసుకుంటాను, చెప్పిననాడు ఆపుతాను. ఈ గోళీకి నేను భయపడను, దాన్ని నెత్తికీ ఎక్కించుకోను. అప్పుడు మాకు దాని పేరు కూడా తెలియదు, పుట్నాల్లాగా తిన్నాం. ఇప్పుడు వీళ్లకు పేరు, ఊరు, వంశవృక్షం అన్నీ ఫోన్లో తెలుస్తాయి, ముట్టుకోవడానికి వణుకుతారు. తెలివి పెరిగిందని నేను కాదనను. కానీ డాక్టరు రాసిచ్చిన చీటీ అప్పుడూ ఒంటరిదే, ఇప్పుడూ ఒంటరిదే, దాని మాట వినేవాళ్లు తక్కువ.

ఇదంతా స్వప్నకు చెప్పడం పూర్తయ్యేసరికి దోసెల పెనం చల్లారింది. అది మెచ్చుకుంటుందనుకున్నాను. తల దించుకుని చున్నీ అంచు మెలిపెడుతోంది.

"అత్తా, ఆద్యకు పోయిన నెల గీ గోళీలే రాసిండ్రు, ఐదు రోజులకు. నేను రెండ్రోజులే ఇచ్చిన. భయమేసింది. మిగిలినయ్ పారేసిన. డాక్టర్ మేడమడిగితే అన్నీ ఇచ్చిన అని చెప్పిన. గోళీలు పని చెయ్యలేదనుకుని ఆమె మందులు పెంచింది, ఇంకా పెద్ద పరీక్షలు రాసింది. ఇయ్యాల పొద్దున బడికి పోయేటప్పుడు కూడా పిల్లికూతలే. మా ఆయనకు కూడా చెప్పలేదత్తా."

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్ల పంతులమ్మ నోటి దగ్గర ఎన్ని మాటలుంటాయో ఊహించుకోండి. ఏ దేవత నోరు నొక్కిందో, నేను టేబుల్ మీది ఫోన్ తీసి దాని చేతిలో పెట్టాను.

"ఫోన్ చెయ్యి."

"తిడ్తదత్తా."

"తిట్టనీ. చెయ్యి."

స్పీకర్ పెట్టి చేసింది.  "మేడం, ఆద్య వాళ్ల మమ్మీని. పోయినసారి గోళీలు ఐదు రోజులు ఇయ్యలే మేడం. రెండ్రోజులే ఇచ్చిన. నేనే ఆపిన. మీకు అబద్ధం చెప్పిన." చెప్పి కళ్లు గట్టిగా మూసుకుంది.

 అవతలి గొంతు నెమ్మదిగా అంది: "చెప్పి మంచి పని చేసిండ్రమ్మా. భయమేస్తే ఈసారి నాకు ఫోన్ చెయ్యండ్రి. ఇప్పుడే బడికి పోయి పాపను తీసుకొని రండ్రి, చూసి మళ్ల మొదలు పెడదాం."

స్వప్న ఏడుస్తూనే తాళాలందుకుని ఉరికింది. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. ఊపిరాడక కాదు. చెప్పి మంచి పని చేసినవ్. ఎంత చిన్న మాట! ఆ రోజు దవాఖానలో, కన్నకొడుకు ముందు అబద్ధం ఒప్పుకుని అవ్వ నా ప్రాణం నిలబెట్టింది. బాపు మొహం తిప్పుకున్నాడు, నేను "నీవల్లనే" అన్నాను. ఆ తర్వాత ఆమె ఇంకా తొమ్మిదేళ్లు బతికింది. రోజూ నాకు రొట్టె పెట్టింది. ఆ మాట నేను ఒక్కరోజు కూడా చెప్పలేదు.